గిరకకు కరెంటొచ్చాక

కోహీర్‌లో నేల ఎరుపు, నేల కింద రాయీ ఎరుపే. జహీరాబాద్ నుంచి బీదర్ దాకా పరుచుకున్న పీఠభూమి పైపొరంతా లాటరైటు. భూమిలో ఉన్నంతసేపు మెత్తగా ఉండి, పలకలుగా కోసి బయటపెడితే గాలి తగిలి గట్టిపడుతుంది. బీదర్ కోట గోడల్లో కనిపించేది ఈ రాయే. దాని ఒంటినిండా రంధ్రాలు. వాన కురిస్తే నీళ్లు చప్పున లోపలికి ఇంకిపోతాయి, కింద నల్లరాయి అడ్డుపడిన చోట ఆగుతాయి. ఇలాంటి నేల మీద చెరువు కట్టి నీళ్లు నిలపడం కష్టం. బావి తవ్వి తోడుకోవడమే దారి.

15వ శతాబ్దంలో బహమనీ సుల్తానులు రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కు మార్చినప్పుడు ఈ రాయి గుణాన్ని బాగానే వాడుకున్నారు. పర్షియా పద్ధతిలో భూమి లోపల సొరంగం తవ్వి, మధ్యమధ్య గాలిబావులు దింపి, తోడే అవసరం లేకుండానే నీళ్లను వాలు వెంట ఊరి వైపు నడిపించారు. కరేజ్ అనే ఆ సొరంగం నౌబాద్ దగ్గర ఇప్పటికీ ఉంది. అయితే సొరంగాలు సుల్తానులకు చెల్లుతాయి. కోహీర్ రైతుకు ఉన్నది బావి, జత ఎడ్లు, ఒక గిరక.

కోహీర్ పాత ఊరు. బహమనీల కాలపు జామా మసీదు, సూఫీల దర్గాలు ఉన్న ఊరు. నిజాం పాలనలో బీదర్ జిల్లాలో ఉండేది. 1956 నవంబరు 1న భాషల లెక్కన రాష్ట్రాలు విడదీసినప్పుడు జహీరాబాద్ ప్రాంతంతో పాటు మెదక్ జిల్లాకు వచ్చింది, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. బ్రిటిష్ కాలపు గెజిటీర్ ఈ ఊరి గురించి రాసిన నాలుగు మాటల్లో మామిడిపండ్ల ప్రస్తావన ఒకటి. ఇప్పుడు హైదరాబాద్ వీధుల్లో బండి మీద జామకాయలమ్మే వాళ్లు కోహీర్ పేరు చెప్పి అమ్ముతారు. మామిడైనా జామైనా ఎదిగేదాకా తడి కావాలి. నిజాం రెవెన్యూ లెక్కల్లో చెరువు కింది పొలం తరి, వాన మీద ఆధారపడ్డది ఖుష్కి, బావి నీళ్లతో పెంచిన తోట బాగాత్. కోహీర్‌కు పేరు తెచ్చింది ఆ బాగాత్ భూమి. దాన్ని తడిపింది మోట.

మోటను చూసినవాళ్లు తగ్గిపోయారు కాబట్టి అది ఎలా పనిచేసేదో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. బావి గట్టు మీద రెండు నిలువు కంబాలు, వాటి మధ్య ఇరుసు మీద తిరిగే చెక్క గిరక. దాని మీదుగా లావాటి మోకు. మోకు ఒక కొసన బర్రెతోలుతో కుట్టిన పెద్ద బొక్కెన, రెండో కొస ఎడ్ల కాడికి. బొక్కెన అడుగున ఏనుగు తొండంలా పొడవాటి తోలు గొట్టం, దానికి వేరే సన్నటి తాడు. అసలు తెలివంతా ఈ తొండంలోనే ఉంది. బొక్కెన పైకి వస్తున్నంతసేపు తొండం మడతపడి దాని మూతి బొక్కెన అంచుకు సమానంగా నిలబడుతుంది, చుక్క కారదు. గట్టు దగ్గరికి రాగానే సన్న తాడు తొండాన్ని ముందుకు లాగుతుంది, మూతి తెరుచుకుని నీళ్లన్నీ తొట్టిలోకి దూకుతాయి. పక్కన నిలబడి ఒంపే మనిషి అక్కర్లేదు. రెండు తాళ్ల పొడవును సరిగ్గా కొలిచి కట్టడంతోనే పని జరిగిపోతుంది. ఇంత సులువైన, ఇంత కచ్చితమైన కవాటాన్ని కనిపెట్టినవాడి పేరు ఏ శాసనంలోనూ లేదు.

ఎడ్లు నడిచే దారి బావి నుంచి దూరంగా పల్లంలోకి దిగుతుంది. దిగేటప్పుడు ఎడ్ల బరువు కూడా లాగడానికి పనికొస్తుంది. మోట కొట్టే మనిషి మోకు మీద ఎక్కి కూర్చుని తన బరువూ కలుపుతాడు. బొక్కెన ఖాళీ అయ్యాక లేచి, ఎడ్లను వెనక్కి నడిపిస్తూ మళ్లీ గట్టు దాకా తెస్తాడు. వెనక్కి నడవడం ఎద్దుకు పుట్టుకతో వచ్చే విద్య కాదు, నేర్పాలి. అందుకే మోట అలవాటున్న జతకు సంతలో ధర ఎక్కువ పలికేది. పని తెల్లవారుజామున మొదలు. ఎండ ముదిరేలోగా ఎడ్లను విప్పాలి. ఆ చీకట్లో ఒక బావి మీది పాటకు ఇంకో బావి మీదివాడు అందుకోవడం తెలంగాణ పల్లెల్లో పెద్దవయసు వాళ్లకు బాగా గుర్తు. పాట సరదా కోసమే కాదు. ఎడ్లకు అడుగు, మనిషికి ఊపిరి, గిరకకు వేగం మూడూ దానితో కలిసి నడిచేవి.

ఇప్పుడు చిన్న లెక్క. బొక్కెనకు 150 లీటర్లు పడతాయనుకుందాం, బావిలో నీళ్లు 10 మీటర్ల లోతున ఉన్నాయి, నిమిషానికి ఒక బొక్కెన వస్తుంది. గంటకు 9 వేల లీటర్లు. 8 గంటలు కొడితే 72 వేలు. ఒక ఎకరాన్ని 2 అంగుళాల మేర తడపాలంటే దాదాపు 2 లక్షల లీటర్లు కావాలి. అంటే జత ఎడ్లు, ఒక మనిషి మూడు రోజులు కష్టపడితే ఒక్క ఎకరానికి ఒక్క తడి. ఈ లెక్క తెలిసిన రైతు బావి కింద మడి ఎంత చేయాలో, తోటలో ఎన్ని చెట్లు పెట్టాలో ముందే తేల్చుకునేవాడు. ఎడ్లు అలిసిపోయి ఆగిన మధ్యాహ్నం నుంచి మర్నాటి తెల్లవారుదాకా రాళ్ల సందుల్లోంచి ఊట ఊరి బావి మళ్లీ నిండేది. తోడే వేగం ఊరే వేగాన్ని దాటకపోవడానికి కారణం రైతు సంయమనం అనుకోనక్కర్లేదు. ఎడ్లకు అంతకన్నా చేతకాదు, అంతే.

మోట వెనక సగం ఊరు ఉండేది. గిరక వడ్రంగిది, ఇరుసు కమ్మరిది, తోలు పని మాదిగలది. బర్రెతోలును సున్నంలో నానబెట్టి, తంగేడు చెక్కతో పదును చేసి, బొక్కెనగా కుట్టి, తొండం అతికి ఇవ్వడం వాళ్ల చేతిపని. చిరిగితే వాళ్లే కుట్టాలి. పంట కల్లానికి వచ్చాక రైతు గింజలు కొలిచి ఇచ్చేవాడు. దొరల దగ్గర ఆ కొలతా ఉండేది కాదు. తెలంగాణ సాయుధ పోరాటం మీద పుచ్చలపల్లి సుందరయ్య రాసిన పుస్తకంలో వెట్టి రకాలను వివరించిన చోట చెప్పుల దగ్గర్నుంచి నీళ్లు తోడే తోలు సామాను దాకా దేశ్‌ముఖ్‌లకు ఊరికే ఇచ్చుకోవలసి వచ్చిన సంగతి ఉంది. మోట పోయిందని బాధపడే వ్యాసాలు తెలుగులో చాలా వచ్చాయి. వాటిలో ఈ ముక్క సాధారణంగా కనిపించదు. తోలు బొక్కెన స్థానంలో రేకు బొక్కెన వచ్చినప్పుడు, ఆ తర్వాత మోటే పోయినప్పుడు, ఒక కులానికి గింజలూ పోయాయి, వెట్టీ పోయింది. రెండూ కలిపి చూడకపోతే కథ సగమే.

బరువును తాడుతో పైకి లాగే పని రైతులకే పరిమితం కాదు. సముద్రం మీద లంగరు ఎత్తడమూ అదే పని. తెరచాప ఓడల కాలంలో దీనికి పెద్ద చెక్క రాట్నం ఉండేది. దాని కంతల్లో కర్రలు దూర్చి నావికులు చుట్టూ తిరుగుతూ తోసేవారు. 1765లో నీటిలోకి దిగిన బ్రిటన్ యుద్ధనౌక విక్టరీ మీద పెద్ద లంగరు పైకి రావాలంటే వందమందికి పైగా పట్టాల్సి వచ్చేది. తెరచాప ఓడల నావికులకూ పాటలుండేవి. రాట్నం తిప్పేటప్పుడు పాడేవి, తాడు లాగేటప్పుడు పాడేవి వేర్వేరు. 19వ శతాబ్దంలో ఆవిరి యంత్రం వచ్చి లంగరు పని తీసుకున్నాక ఆ పాటలు పుస్తకాల్లోకి చేరాయి. ఇప్పుడు సొంత తెరచాప పడవ ఉన్నవాళ్లు ముక్కు భాగాన ఉన్న చేతి రాట్నం తీసేసి చిన్న కరెంటు మోటారు పెట్టించుకుంటున్నారు. 12 వోల్టుల బ్యాటరీ, లావాటి కేబులు, ఎక్కువ భారం పడితే తెగే బ్రేకరు, కాలితో నొక్కే బటను. బ్యాటరీ చచ్చిపోతే గొలుసు చేత్తో లాగేందుకు ఒక పిడి మాత్రం ఉంచుకుంటారు. అక్కడ మోటారు మనిషి నడుముకు విశ్రాంతి ఇచ్చి ఊరుకుంది. చేత్తో ఎత్తినా కరెంటుతో ఎత్తినా లంగరు బరువు ఒకటే, సముద్రం లోతు ఒకటే. బావి విషయంలో అలా జరగలేదు.

దక్షిణాదిలో మోటను యంత్రంతో పోల్చి లెక్క కట్టిన తొలి ఇంజనీర్లలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ ఒకడు. మద్రాసు ప్రభుత్వంలో పనిచేస్తూ 20వ శతాబ్దం తొలి ఏళ్లలోనే నూనె ఇంజన్లతో బావి నీళ్లు తోడించి చూశాడు. ఎత్తిపోతల సేద్యం మీద 1912లో పుస్తకమే వేశాడు. రైతుల దాకా యంత్రం చేరడానికి మాత్రం స్వదేశీ తయారీ కావాల్సి వచ్చింది. కిర్లోస్కర్లు మొదట నాగలి చేశారు, తర్వాత పంపులు చేశారు, 1946లో పుణెలో నూనె ఇంజన్ల కంపెనీ పెట్టారు. కోయంబత్తూరు కథ ఇంకా ముచ్చటైనది. 1930ల మొదట్లో నీలగిరుల పైకారా జలవిద్యుత్తు ఆ ఊరికి వచ్చింది. చుట్టూ లోతైన బావులు, వాటి మీద పత్తి రైతులు. వాళ్లలో ఇంట తెలుగు మాట్లాడే నాయుళ్లు చాలామంది. ఆ కుటుంబాల్లోంచి వచ్చిన జి.డి. నాయుడు, బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో దేశంలో తొలి కరెంటు మోటారు తయారుచేశాడు. బడి చదువు మీద నమ్మకం లేని మనిషి, బస్సుల కంపెనీ యజమాని, యంత్రమంటే ప్రాణం. ఆ తర్వాత కోయంబత్తూరు మోటార్లకు, పంపులకు దేశమంతటికీ పెద్ద అంగడి అయింది. తెలంగాణ బావుల్లో దిగిన వాటిలో ఎన్నో అక్కడివే.

హైదరాబాద్ నగరానికి 1920లోనే హుస్సేన్ సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం వచ్చింది. పల్లెలకు తీగలు రావడానికి ఇంకో తరం పట్టింది. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాక పొలాల మీదుగా స్తంభాలు నడిచాయి. మధ్యకాలంలో కొందరు డీజిల్ ఇంజన్లు తెచ్చుకున్నారు. మిగిలినవాళ్లు మోట కొడుతూనే ఉన్నారు.

మోట బావికి మోటారు బిగించడం అనుకున్నంత తేలిక కాదు. పంపు నీళ్లను పీల్చుకునే లోతుకు ప్రకృతే హద్దు పెట్టింది. వాతావరణ పీడనం నీటిని 10 మీటర్లకు మించి నెట్టలేదు, ఆచరణలో 7 మీటర్లు దాటితే పంపు నీళ్లను అందుకోలేదు. కాబట్టి గట్టు మీద షెడ్డు కట్టి మోటారు పెడితే లోతు బావిలో పనికిరాదు. మోటారునే కిందికి దించాలి. బావి గోడలోంచి రాతి పలకలు బయటికి పొడిపించో, అడ్డంగా ఇనుప దూలాలు వేసో, నీటికి దగ్గరగా అరుగు చేసేవారు. పైపు కొసన ఫుట్‌వాల్వు. అది సరిగా మూసుకోకపోతే పైపు ఖాళీ అవుతుంది, అప్పుడు ప్రతి ఉదయం బిందెలతో నీళ్లు పోసి నింపితే గాని పంపు అందుకోదు. తీగలు గోడ వెంట పైకి, స్టార్టరు డబ్బా మోట కంబానికో, పక్కన వేపచెట్టుకో. చెక్క గిరక కొన్నాళ్లు అలాగే ఉండేది. కరెంటు పోయిన రోజుల్లో మోటే దిక్కు కనుక ఎడ్లనూ వెంటనే అమ్ముకోలేదు. పడవ మీద పిడి ఉంచుకున్నట్టే.

వానాకాలం వస్తే అసలు తిప్పలు. రాత్రికి రాత్రి బావి నిండి అరుగు మునిగిపోతే మోటారు నాశనం. అందుకని మబ్బు పట్టగానే నలుగురు మనుషులు కలిసి మోటారుకు మోకు కట్టి పైకి లాగి పెట్టేవారు, నీళ్లు దిగాక మళ్లీ దించేవారు. గిరక మిగిలి ఉన్న బావి దగ్గర ఆ మోకు దాని మీదుగానే పోయేది. నీళ్లు ఎత్తడానికి వచ్చిన యంత్రాన్ని ఎత్తడానికి మళ్లీ మనుషులే దిగారు.

మళ్లీ లెక్కలోకి వస్తే, 5 హార్స్‌పవర్ మోటారు సగం శక్తి వృథా చేసినా అదే 10 మీటర్ల లోతు నుంచి గంటకు 60 వేల లీటర్ల పైచిలుకు ఎత్తుతుంది. ఎడ్లు రోజంతా చేసింది గంటా పావులో అయిపోతుంది. మొదటి రెండు మూడేళ్లు ఇది అద్భుతంగా తోచింది. మామిడి మొక్కల మధ్య కూరగాయలు, చెరకు, అల్లం, ఆలుగడ్డ. జహీరాబాద్ చుట్టూ ఇవాళ కనిపించే పంటల వరస మోటారు లేకుండా ఊహకు రాదు. చెరకు పన్నెండు నెలలూ నీళ్లడుగుతుంది. జత ఎడ్లతో పెద్ద చెరకు తోట సాకడం కష్టం.

అయితే ఎడ్లకున్న అలుపు మోటారుకు లేదు. ఊట ఊరేలోగా బావి అడుగు కనిపించింది. రైతు బావిని ఇంకొంచెం తవ్వాడు, అరుగు ఇంకొంచెం కిందికి దించాడు. పక్క రైతూ అదే చేశాడు. తర్వాత బావి గోడల్లోకి అడ్డంగా బోర్లు కొట్టారు, ఆపై అడుగున నిలువు బోరు. లాటరైటు పొర దాటి నల్లరాయిలోకి దిగాక నీళ్లు రాతి పగుళ్లలోనే దొరకాలి, దొరికితే అదృష్టం. సబ్‌మెర్సిబుల్ మోటారు వచ్చాక పీల్చే హద్దు గొడవే పోయింది. మోటారు నీళ్లలోనే కూర్చుని పైకి నెడుతుంది. బావికి పని పోయింది. ఇప్పుడు పాత మోట బావులు చాలాచోట్ల ముళ్లకంపలతో నిండి ఉన్నాయి, ఎడ్ల దారి చదునై పొలంలో కలిసిపోయింది.

ఎడ్లు పెట్టిన హద్దు పోయాక దాని చోట ఇంకో హద్దు కోసం ప్రభుత్వాలు నాలుగు దశాబ్దాలుగా వెతుకుతున్నాయి. 1980లలో మీటర్లు పోయి స్లాబు పద్ధతి వచ్చింది. ఎన్టీ రామారావు కాలంలో హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలన్న మాట ఇప్పటికీ రైతుల నోట వినిపిస్తుంది. ఎంత తోడినా బిల్లు మారదు కాబట్టి మోటారు ఆపడానికి కారణమే లేకపోయింది. పైగా 5 హార్స్‌పవర్ మోటారు కాగితం మీద 3 అయిపోయేది. కరెంటు చార్జీల పెంపుకు వ్యతిరేకంగా 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో సాగిన ఊరేగింపు మీద పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది, బోరు వేయాలంటే అనుమతి కావాలంది. 2004 మే 14న ముఖ్యమంత్రిగా వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకం ఉచిత విద్యుత్తు ఫైలు మీద పడింది.

ధర హద్దు కాలేదు కనుక గంటలు హద్దయ్యాయి. త్రీఫేజు రోజుకు ఇన్ని గంటలే వచ్చేది, అందులో సగం అర్ధరాత్రి. నీళ్లు కట్టడానికి చీకట్లో పొలం వెళ్లి పాము కాటుకో, తడిచేత్తో స్టార్టరు ముట్టి షాకుకో బలైన రైతుల వార్త జిల్లా పేజీల్లో మామూలైపోయింది. దీనికి పల్లెలు కనిపెట్టిన విరుగుడు ఆటోస్టార్టరు. కరెంటు రాగానే మోటారు తనంతట తాను లేస్తుంది, రైతు ఇంట్లో పడుకోవచ్చు. ఒక్కడికి ఇది తెలివి, ఊరందరికీ విపత్తు. కరెంటు వచ్చిన మరుక్షణం వందల మోటార్లు ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం దాదాపు 23 లక్షల వ్యవసాయ పంపుసెట్లకు 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలుపెట్టినప్పుడు ముందు చేసిన పని ఊరూరా ఆటోస్టార్టర్లు తీయించడం. కరెంటు రోజంతా ఉంటే, తనంతట లేచే మోటారు బావి ఎండినా ఆగదు.

జహీరాబాద్ ప్రాంతంలో ఇంకో దారి ఎంచుకున్నవాళ్లూ ఉన్నారు. 1983 నుంచి పస్తాపూర్ కేంద్రంగా పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత మహిళా సంఘాలు మోటారు జోలికే పోకుండా జొన్న, కొర్ర, సామ, కంది కలిపి వానమీదే పండిస్తూ వచ్చాయి. ఏటా పాత పంటల జాతర చేస్తారు. వాళ్లలో చాలామందికి బావి ఎప్పుడూ లేదు. బాగాత్ పక్కనే ఖుష్కి ఎలా బతికిందో చూడాలంటే కోహీర్ నుంచి ఎంతో దూరం వెళ్లనక్కర్లేదు.

ఇక బోరులో దిగిన మోటారు. ఫేజు పోయో, లోఓల్టేజికో, నీళ్లు తగ్గి ఇసుక పీల్చో అది కాలుతుంది. కాలితే వైండింగుకు జహీరాబాద్ తీసుకుపోవాలి, అంతకుముందు వంద మీటర్ల పైపుతో సహా బయటికి తీయాలి. చాలాకాలం దీనికి మూడు కర్రల ముక్కాలి, ఒక గిరక, గొలుసు, అరడజను మంది కావాల్సి వచ్చేది. ఒక్కో పైపు పైకి వచ్చేకొద్దీ క్లాంపు బిగించి, మర విప్పి, పక్కన పడేసి, మళ్లీ లాగుతారు. చేయి జారితే మోటారు పైపులతో సహా పాతాళానికి. ఇప్పుడు ట్రాక్టరు వెనక బిగించిన వించి వస్తోంది, ఇనుప తాడు డ్రమ్ము మీద చుట్టుకుంటుంది. మోటార్లు తీసి దించడమే బతుకుగా ఊళ్లు తిరిగే మెకానిక్కులు ఉన్నారు. ఎండాకాలంలో వాళ్లకు తీరిక ఉండదు. ఫోను చేస్తే రేపో ఎల్లుండో అంటారు. ఈలోగా జామతోటకు ట్యాంకరు నీళ్లు.